డాబర్‌మన్ గారి పిలుపు

మా క్లబ్బులో మనుషులకు పేర్లు లేవు. ఉన్నాయి గానీ అవి వాట్సాప్ గ్రూపు వరకే. ఆదివారం పొద్దున్నే కుక్కల్ని తీసుకుని పాత మిల్లు కళ్లంలో అడుగుపెట్టాక ఎవరినైనా వాళ్ళ కుక్క జాతిని బట్టే పిలుస్తారు. ఊళ్ళో పెద్ద బట్టల షాపున్నాయన అక్కడ ల్యాబ్రడార్ గారు. హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఆవిడ పమేరియన్ అత్తయ్యగారు. ఒకప్పుడు ఆవిడ చేత దెబ్బలు తిన్న విద్యార్థులు కూడా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు, ఆవిడ పలుకుతారు.

నాది ఊరకుక్క. గోధుమరంగు ఒళ్ళు, ముందుకాళ్ళకు తెల్ల సాక్సులు తొడిగినట్టుంటుంది, ఎడమ చెవి నిలబడదు. నేను పనిచేసే ఫ్యాక్టరీలో స్కూటర్ షెడ్డు కింద కూనగా దొరికింది. నేను చేరిన కొత్తలో నన్నేమని పిలవాలో వాళ్ళకు తోచలేదు. ‘ఊరకుక్క గారు’ అంటే తిట్టినట్టుంటుంది. చివరికి ‘బాబు’ అని సరిపెట్టారు. అందరూ గార్లు, నేనొక్కణ్ణే బాబు. నేను చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్, చేసేది గేజ్‌లూ మీటర్లూ సరిచూసే పని. వరసలో ఎవరెక్కడున్నారో గమనించడం నాకు అలవాటు. ఆ వరసలో నేను చివర ఉన్నానని మొదటి ఆదివారమే గమనించాను.

క్లబ్బు పుట్టింది కుక్కకాటు వల్ల. మండపేట శివార్లలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. యజమాని కాపలాకని అల్సేషన్‌ని తెచ్చాడు. అది దొంగల్ని ఏం చేసిందో తెలియదు గానీ కళ్లంలో ధాన్యం ఆరబోసే ఆడవాళ్ళనూ, లారీ డ్రైవర్లనూ, ఆఖరికి యజమాని బావమరిదినీ కరిచింది. అప్పుడే పోలీసు డాగ్ స్క్వాడ్ నుంచి రిటైరై సొంతూరు చేరిన మాస్టారిని పిలిపించారు. ఆయన రోజూ వచ్చి దాన్ని దారిలో పెడుతుంటే, చూడవచ్చినవాళ్ళు తమ కుక్కల్నీ తీసుకురావడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు మిల్లు మూతపడింది. మిషన్లు అమ్ముడుపోయాయి, ఊక గుట్టలు ఇటుకబట్టీలకు పోయాయి. కళ్లం మిగిలింది. యజమాని కొడుకు తాళం మాస్టారి చేతికిచ్చాడు.

కుక్కలకు సిమెంటు కళ్లాన్ని మించిన బడి లేదంటారు మాస్టారు. చెట్టు లేదు, స్తంభం లేదు, ఆగి వాసన చూడ్డానికి ఏమీ లేదు. ఎండెక్కితే మాత్రం పాదాలు కాలతాయి కాబట్టి, ఎండ గోడ దిగేలోపు క్లాసు ముగించాలి. తర్వాత పాత ఆఫీసు వరండాలో అత్తయ్యగారు ఫ్లాస్కులో తెచ్చిన టీ.

ఆ వరండా గోడకు వరసగా ఇనుప కొక్కేలున్నాయి. ఒకప్పుడు గోనెసంచుల కట్టలు వేలాడదీసేవారట. ఇప్పుడు క్లబ్బులో కుక్క పోతే, ఆ ఇంటివాళ్ళు దాని బెల్టు తెచ్చి ఒక కొక్కేనికి తగిలిస్తారు. ఎవరూ ప్రసంగం చెయ్యరు. ఆ రోజు టీలో అత్తయ్యగారు పంచదార ఎక్కువ వేస్తారు, అంతే. మొదటి కొక్కేనికి ఉన్నది ఆ అల్సేషన్ బెల్టు.

మాస్టారు పెట్టిన పద్ధతుల్లో గట్టిది తాడు మార్పిడి. నెలకో ఆదివారం అందరూ తమ కుక్క తాడు పక్కవాళ్ళ చేతికివ్వాలి. ఆయన ఉద్యోగంలో ఉండగా ఒక హ్యాండ్లర్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడట. అతని కుక్క ఇంకొకరిని దగ్గరికి రానీయక, తిండి మానేసి చిక్కిపోయిందట. ఒక్కడి మాటే వినే కుక్కకు ట్రైనింగ్ అయినట్టు కాదు అన్నది ఆయన సిద్ధాంతం.

చెప్పడం తేలికే. మనవైపు వాళ్ళకు ఇంకొకరి కుక్కని, అదీ ఆ ఇంటాయన ఎదురుగా, ‘కూర్చో’ అనడానికి నోరు రాదు. ఆయన్నే అన్నట్టుంటుందని మొహమాటం. మొదట్లో అందరూ ‘కూర్చోండి, కాస్త ఇటు రండి’ అని బతిమాలుతుంటే కుక్కలు వాళ్ళ ముఖాలకేసి చూస్తూ నిలబడేవట. విసిగి మాస్టారు ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోకి మార్చారు. సిట్, స్టే, కమ్. అందులో మర్యాదా లేదు, మర్యాద తక్కువా లేదు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క డాబర్‌మన్ గారు తప్ప. ఆయన ఇప్పటికీ ఏ కుక్కనైనా రండి, కూర్చోండి అనే అంటాడు. కుక్కలు వస్తాయి, కూర్చుంటాయి.

డాబర్‌మన్ గారిది భీమవరం వైపు. అక్కడ ఆయనకు చేపల చెరువులున్నాయి. అత్తవారి ఊరని ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. భార్య పోయింది, పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి. నేను చేరేసరికి క్లబ్బులో అందరూ చూపించే కుక్క ఆయనదే. నల్లగా, నిగనిగలాడుతూ, తాడు లేకుండా ఆయన మోకాలి పక్కన నీడలా నడిచేది. ఆయన మాత్రం ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. క్లాసులో చెప్పింది సగం వినేవాడు కాదు. నేను ప్రతి పాఠం ఫోన్‌లో రాసుకుని, ఇంట్లో వరసగా చేయించేవాణ్ణి. నా కుక్క సిట్ అంటే కాసేపాలోచించి కూర్చునేది. ఆయన కుక్క ఆయన అనబోతుండగానే కూర్చునేది. అసూయ అక్కడ మొదలైంది. అప్పటికి అది చిన్నదే.

పోయిన వేసవిలో ఆయన కుక్క చచ్చిపోయింది. ముసలిదే, కిడ్నీలు పాడయ్యాయన్నారు. బెల్టు తెచ్చి కొక్కేనికి తగిలించాడు. ఇక రాడేమో అనుకున్నాం. మరుసటి ఆదివారం మామూలుగానే ఆలస్యంగా వచ్చాడు, ఖాళీ తాడు భుజాన వేసుకుని. కుక్క పోయినా ఆయన డాబర్‌మన్ గారే. నాకు కుక్క ఉండీ నేను బాబునే. ఇలాంటివి పైకి అనే మాటలు కావు గానీ, అనిపించడం ఆపలేం కదా.

అప్పటినుంచి తాడు మార్పిడి రోజున ఆయనకు ఇవ్వడానికి కుక్క లేదు కాబట్టి ఎవరో ఒకరు తమది ఇవ్వాలి. ఒక నెల నా పక్కన నిలబడ్డాడు. నా కుక్క తాడు అందుకుని, దాని ముందు గొంతుక్కూర్చుని, “ఏంటండి, ఎలా ఉన్నారు? నాలుగడుగులు వేద్దామా?” అన్నాడు. అది ఆయన మోకాలి పక్కన నడిచింది. తలెత్తి ఆయన ముఖంకేసి చూస్తూ నడిచింది. వాలిపోయే ఆ ఎడమ చెవి కూడా కాస్త లేచినట్టనిపించింది. నాతో నడిచేటప్పుడు అది నేలకేసి చూస్తుంది.

కొలవకుండా దేన్నీ నమ్మనని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కసారి చూసిన రీడింగు లెక్కలోకి రాదు. మరుసటి వారం గమనించాను. గేటు దగ్గర ఆయన బండి చప్పుడు వినగానే నా కుక్క స్టే వదిలేసి లేచింది. ఆ తర్వాతి వారమూ అంతే. వరండాలో టీ తాగేటప్పుడు నా కాళ్ళ దగ్గరనుంచి మెల్లగా జరుగుతూ జరుగుతూ వెళ్ళి ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించేది. ఆయన ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో దాని చెవి వెనక గోకేవాడు, నాకేసి చూడకుండా. చూసి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి.

వాసన అనుకున్నాను. చెరువుల మనిషి, ఒంటికి చేపల వాసన ఉంటుంది, జేబులో ఎండురొయ్యలు ఉన్నా ఉంటాయి. అడిగేశాను.

“జేబులో ఏమైనా పెట్టుకున్నారాండి?”

ఆయన రెండు జేబులూ బయటికి తీసి చూపించాడు. తాళాలు, అద్దాల గుడ్డ, నలిగిన తమలపాకు. “తమలపాకు గానీ తింటుందేంటండి మీది?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తమలపాకు పట్టుకెళ్ళి ఇంటి దగ్గర నా కుక్కకు చూపించాను కూడా. మొహం తిప్పుకుంది.

ఇలా ఉండగా అత్తయ్యగారు ఒకరోజు టీ పోస్తూ మొదలుపెట్టారు. “నీకా షిఫ్టులు బాబూ. మీ అమ్మకా దాని వెనక పరిగెత్తే ఓపిక లేదు. ఆయనకా ఇల్లంతా ఖాళీ.” అక్కడితో ఆపి పంచదార కలిపారు. మిగతాది ఎవరూ అనలేదు. ల్యాబ్రడార్ గారు తన కప్పులోకి చూసుకున్నారు. ఇంటికెళ్తే అమ్మ దాదాపు అదే మాటంది. నేను నైట్ షిఫ్టుకు వెళ్ళిన రోజుల్లో అది గుమ్మం దగ్గరనుంచి కదలదట, తిండి సరిగా తినదట, ఆరేసిన బట్టలు లాగేస్తుందట. ఎవరైనా మంచివాళ్ళు అడిగితే ఇచ్చెయ్యరాదా అంది. అమ్మకు డాబర్‌మన్ గారెవరో తెలియదు. అయినా నాకు ఆమె కూడా ఆయన పక్షమే అనిపించింది.

ఆఖరికి ఆయనే అడిగాడు. క్లాసయ్యాక నా బైకు దగ్గరికి వచ్చి, కుక్కని కాదు, నన్నే చూస్తూ అన్నాడు. “బాబుగారూ, ఒక మాట. ఏమనుకోకండి. మీకు కష్టంగా ఉంటే, దీన్ని నాకిస్తారా?”

క్లబ్బు మొత్తంలో నన్ను బాబుగారూ అనేది ఆయనొక్కడే. అది కూడా అప్పుడు నాకు గుచ్చుకుంది.

వచ్చే నెలలో రెండు పిలుపుల పరీక్ష ఉంది. కొత్తగా నేర్చుకునే పిల్లల వరసలోంచి పెద్ద వరసలోకి వెళ్ళాలంటే ప్రతి కుక్కా అది దాటాలి. కళ్లం నడుమ మాస్టారు కుక్క తాడు విప్పేస్తారు. ఈ చివర యజమాని, ఆ చివర ఇంకొకరు. ఇద్దరూ ఒకేసారి పిలుస్తారు. చేతిలో తిండి ఉండకూడదు, అడుగు కదలకూడదు. కుక్క యజమాని దగ్గరికి రావాలి. అవతల నిలబడేది ఎవరో కాదు, ఆ కుక్కకు బాగా ఇష్టమైన మనిషే అయి ఉండాలి. తాడు మార్పిడి చేయించే మనిషి ఈ పరీక్ష పెట్టడమేంటని కొత్తవాళ్ళు అడుగుతారు. అందరి మాటా వినాలి గానీ ఇల్లెవరిదో మరిచిపోకూడదు అంటారు మాస్టారు.

“పరీక్షకి అవతల మీరే నిలబడండి,” అన్నాను. “నా దగ్గరికి వస్తే ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు.”

“మరి నా దగ్గరికొస్తే?”

“మీరే తీసుకెళ్ళండి.”

“ఆయ్,” అని ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నేను బైకు స్టార్ట్ చేశాక గానీ నేనేమన్నానో నాకు తలకెక్కలేదు. నా కుక్క ట్యాంకు మీద కూర్చుని, ఆయన బండి వెళ్ళినవైపే చూస్తోంది.

ఆ నెలంతా సాధన చేయించాను. కాలవగట్టు మీదికి తీసుకెళ్ళి వదిలేసేవాణ్ణి. అది తూటికాడ పొదల్లో దూరి, ఎండ్రకాయ కన్నాల్లో మూతి పెట్టి, బురదంతా పూసుకుని ఆడుతుంటే ‘కమ్’ అని పిలిచేవాణ్ణి. వచ్చేది. రాగానే బెల్టుకు తాడు కొక్కెం తగిలించి, బాగా చేసిందని తల నిమిరి, ఇంటికి నడిపించేవాణ్ణి. ఇంటికి రాగానే బురద పోయేలా స్నానం, ఒంటికి పట్టిన గోమార్లు ఏరడం, పౌడరు. ఏదీ వదలకుండా, ఏ రోజూ మానకుండా. మొదట్లో పిలవగానే వచ్చేది. రెండోవారం వచ్చేసరికి ఆగి, చూసి వచ్చేది. మూడోవారానికి నాకు అందనంత దూరంలో నిలబడి తోక ఊపేది. నేను సాధన ఇంకా పెంచాను.

మాస్టారితో చెప్పాను, పిలిచే కొద్దీ తగ్గుతోందని. ఆయన బీడీ ఆర్పి, “ఎన్నిసార్లు పిలుస్తున్నావో లెక్క చెబుతావేంటయ్యా. వచ్చాక ఏం చేస్తున్నావో చెప్పు,” అన్నారు. తాడు వేస్తున్నానని చెప్పాను. “మరి ఆయనేం చేస్తాడో చూశావా?” అన్నారు. ఆయనంటే ఎవరో అడగక్కర్లేదు. ఆయన గురించిన మాట వినడం ఇష్టంలేక నేను ఇంకేదో అడిగాను.

పరీక్ష రోజు మబ్బు పట్టింది. క్లబ్బంతా వరండా మెట్ల మీద కూర్చుంది. డాబర్‌మన్ గారు ఆ రోజు మాత్రం ఆలస్యం చెయ్యలేదు. నాకంటే ముందే వచ్చి, కళ్లం అవతలి చివర ఊక గది గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబుల సంగతి నేనడిగింది గుర్తుపెట్టుకుని, ఏ వాసనా ఉండకూడదనుకున్నాడేమో. భుజం మీద ఆ ఖాళీ తాడు ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను.

మాస్టారు నా కుక్కను నడుమకు తీసుకెళ్ళి తాడు విప్పారు. చెయ్యి దించారు.

“కమ్,” అన్నాను. నా గొంతు ఫ్యాక్టరీలో సైరన్ మోగేటప్పుడు అరిచినట్టు వచ్చింది.

“రండి రండి,” అన్నాడాయన, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు.

అది నాకేసి చూసింది. నా చేతిలోని తాడుకేసి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి పరిగెత్తింది. తెల్ల పాదాలు సిమెంటు మీద టపటపలాడాయి. వెళ్ళి ఆయన ముందు కూర్చుంది, నేర్పిన పద్ధతిలో, వీపు నిటారుగా, ముఖం పైకెత్తి. ఇంత చక్కగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన వంగి దాని తల నిమిరాడు. భుజం మీది తాడు తీస్తాడని చూస్తున్నాను. నేనన్న మాట ప్రకారం అది ఆయనది. తియ్యలేదు. పిలిస్తే ఏ కుక్క వచ్చినా ఆయన ఏం చేస్తాడో అదే చేశాడు. చెవి వెనక గోకి, నడుం నిలబెట్టి, “సెబాసండి. ఇక వెళ్ళండి,” అన్నాడు.

ఆ మాట నోట్లో ఉండగానే అది కదిలింది. గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో అందరి కుక్కలూ ఉన్నాయి. అది ఇటూ అటూ చూడలేదు. కళ్లం ఆ చివరనుంచి ఈ చివరకు నేరుగా నా మీదికి వచ్చింది. ఆగలేక నా మోకాళ్ళకు గుద్దుకుంది. నేను కింద కూర్చుండిపోయాను. అది నా మెడా, అద్దాలూ నాకేస్తోంది. తాడు ఎక్కడ పడిందో నాకు తెలియదు.

అప్పుడు మెట్ల మీద గొడవ మొదలైంది. ల్యాబ్రడార్ గారు వచ్చింది బాబు దగ్గరికే కదా అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. ముందెవరి దగ్గరికి వెళ్ళిందో అదే జవాబు, తర్వాత దిద్దిన జవాబుకు మార్కులుండవు అన్నారు, ముప్పయ్యేళ్ళు పేపర్లు దిద్దిన మనిషి. మాస్టారు ఆవిడ మాటే ఖాయం చేశారు. పరీక్ష తప్పింది, మళ్ళీ పిల్లల వరసే. మీరిద్దరూ ఏం పందెం వేసుకున్నారో అది క్లబ్బుకు సంబంధం లేదన్నారు.

డాబర్‌మన్ గారు మెల్లగా కళ్లం దాటి వచ్చాడు. నేను దాని బెల్టు రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. మాటంటే మాటే, తీసుకెళ్ళండి అనాలి. నోరు రాలేదు.

“నేను పంపేస్తే ఎక్కడికెళ్ళాలో దానికి తెలిసింది కదా బాబుగారూ,” అన్నాడు. “ఇంకెందుకు ఆ మాట.”

భుజం మీది తాడు తీసి వరండాలోకి వెళ్ళి, తన కుక్క బెల్టు ఉన్న కొక్కేనికే తగిలించాడు. ఆ రోజు టీ చాలా తియ్యగా ఉంది.

కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా. కానీ దాని కింద వేరే సంగతి ఉంది, అది ఇంకా పోలేదు. కుక్క నా దగ్గరికి వచ్చింది, నిజమే. ఆయన పంపితే వచ్చింది. నేను దాన్ని పిలవడమే గానీ ఒక్కసారైనా వెళ్ళు అనలేదు. అంటే తిరిగి రాదేమోనని భయం. ఆయనకు ఆ భయం లేదు. ఆయన కళ్లంలో ఏ కుక్కనైనా పిలిచి పంపేస్తాడు, చివరికి పందెంలో గెలుచుకున్న కుక్కని కూడా పంపేశాడు. ముందు నేను ఆయన కుక్కను చూసి కుళ్ళుకున్నాను. తర్వాత నా కుక్క ఆయన్ని చూసే చూపుకు. ఇప్పుడు ఆ వదిలెయ్యడం చూసి కుళ్ళుకుంటున్నాను. ఇది మిగతా వాటికంటే పెద్దది.

ఇప్పుడు పిల్లల వరసలో ఉన్నాం. చుట్టూ పాలపళ్ళు కూడా ఊడని ల్యాబ్ కూనలు, వాటితో వచ్చిన కాలేజీ పిల్లలు. కాలవగట్టు మీద తాడు జేబులోనే ఉంచుతున్నాను. పిలుస్తాను, వస్తుంది, చెవి వెనక గోకుతాను, వెళ్ళు అంటాను. వెళ్ళి కాసేపు ఎండ్రకాయల్ని బెదిరించి, పిలవకుండానే ఒకసారి వచ్చి చూసి పోతుంది. ఫ్యాక్టరీలో ఏ మీటరూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

కళ్లంలో మాత్రం చిక్కే. మొన్న ఆదివారం క్లాసయ్యాక అందరి ముందూ పిలిచాను. వచ్చి కూర్చుంది. మాస్టారు తల ఊపారు. “వెళ్ళు,” అన్నాను. అది నేరుగా వరండాలోకి, ఆయన దగ్గరికి వెళ్ళింది. చెప్పుల మీద గడ్డం ఆనించింది. అత్తయ్యగారు నాకు టీ అందించారు. కప్పు పట్టుకుని మెట్టు మీద కూర్చుని, ఆయన చేతికేసి చూస్తున్నాను. ఆ చెయ్యి చెవి వెనకనుంచి మెడ మీదికి వచ్చింది, మళ్ళీ చెవి దగ్గరికి పోయింది. టీ మీద మీగడ కట్టింది. ఆయన ఇంకా వెళ్ళండి అనలేదు.